మినిట్స్

ఈ ఊరి పేరు రాసేది ఒకటి, పలికేది ఒకటి.
కాగితం మీద జీ, హెచ్ ఉంటాయి, నోట్లో 'త' వస్తుంది.
కీత్లీ.
వచ్చిన కొత్తలో నేనన్నది విని బస్సు డ్రైవరు నవ్వాడు.
తెలుగులో రాసుకున్నాక ఇక తప్పు పోలేదు,
మనది విన్నది విన్నట్టు రాసే లిపి.

నా ఉద్యోగం మాత్రం అలా కాదు.
టౌన్ హాల్లో ప్లానింగ్ కమిటీకి మినిట్స్ రాస్తాను.
మూడు గంటల మాటల్ని మూడు పేజీలకు కుదిస్తాను.
దగ్గులు తీసేస్తాను, నిట్టూర్పులు తీసేస్తాను,
కుర్చీ వెనక్కి తోసిన చప్పుడుకి
ఇంతవరకూ నాకు మాట దొరకలేదు.

మొన్న బుధవారం ఐదో అంశం:
ఉన్ని మిల్లు వెనక సందులో మూతబడ్డ చాపెల్,
నమాజు హాలు చేసుకుంటామని దరఖాస్తు.
పెట్టినవారు కరామత్ మీర్,
ఇరవై ఆరేళ్ళు అదే మిల్లులో రాత్రి షిఫ్టు.

మొదటాయన లేచి పార్కింగ్ అన్నాడు.
రెండో ఆవిడ మనవరాలి బడి దారి గురించి మొదలుపెట్టి
ఎక్కడికో పోయి
పార్కింగ్ దగ్గర ఆగింది.
నేను చాకలి పద్దులా గీతలు గీస్తూ పోయాను.
ముప్పై ఒకటి.

చాపెల్ మూసేశాక పదకొండేళ్ళు అది కార్పెట్ల గోడౌన్.
లారీలు సందుకి అడ్డంగా నిలబడేవి,
అప్పుడు ఎవరూ రాలేదు.
అప్పుడూ లోపల తివాచీలే.
ఇప్పుడూ తివాచీలే.

ఐలీన్ హార్‌గ్రీవ్స్ ఒక్కతే ఆ మాట అనలేదు.
రిటైరైన కెమిస్ట్రీ టీచరు.
"ఏ దేవుడికీ ఈ హాల్లో పలుకుబడి ఉండకూడదు.
చాపెల్ ఉన్న రోజుల్లోనూ ఇదే అన్నాను,
మా అమ్మ ఏడాది నాతో మాట్లాడలేదు."
నాకు ఆమెతో పొత్తు కుదరదు.
కానీ ఒక్క అక్షరం కుదించకుండా రాసుకున్నాను.

అప్పుడు వెనక వరసలోంచి రుఖ్సార్,
కరామత్ గారి చిన్న కూతురు,
నర్సు యూనిఫాం మీద తడిసిన కోటు:
"ప్లానులో ఆడవాళ్ళ తలుపు చెత్తడబ్బాల పక్కన ఉంది.
మా నాన్న గీయించిందే.
దాని మీద ఎవరికీ అభ్యంతరం లేదా?"
హాలు నవ్వింది. కరామత్ గారు టోపీ సర్దుకున్నారు.
"చూశారా, వాళ్ళలో వాళ్ళకే..." అని ఒక కౌన్సిలరు ఎత్తుకోబోతే
ఆమె అటు తిరిగింది.
"నేను మీ వైపు కాదండీ.
నాకు ఆ తలుపు ముందువైపు కావాలి, అంతే."

నా పెన్ను అక్కడ ఆగింది. ఎందుకో ఆదోని.

మా మేడ మీది వాటా, టులెట్ బోర్డు.
మునిసిపల్ హైస్కూలు డ్రిల్లు మాస్టారు వచ్చాడు,
మెడలో విజిల్, మాటలో కాస్త కన్నడ యాస,
మా యాసే.
నాన్న గదులు చూపించాడు. కిటికీ తెరిచి గాలి చూపించాడు.
మెట్లు దిగుతూ చివర్లో పేరు అడిగాడు.
మహబూబ్ పీరా, అన్నాడాయన.
"ఇక్కడ నీళ్ళకు ఇబ్బందండీ" అన్నాడు నాన్న.
పీర్ల పండక్కి గుండం దగ్గర
ఏటేటా చక్కెర చదివించే నాన్న.

అమ్మ అప్పటికే గ్లాసు నిండా నీళ్ళు తెచ్చేసింది.
ఆయన నిలబడే తాగాడు, అడుగు కనిపించేదాకా.
గ్లాసు గట్టు మీద పెట్టి
"తీపి నీళ్ళు" అన్నాడు.

నాకు తొమ్మిదేళ్ళు.
ఎవరూ మినిట్స్ రాయలేదు.

ఐదో అంశం వాయిదా పడింది, పార్కింగ్ సర్వే కోసం.
బయట సన్నటి వాన. ఆ సందులోంచే ఇంటికి నడిచాను,
ఖాళీగా ఉన్న జాగాలు లెక్కపెట్టుకుంటూ.
పద్నాలుగు.

రాత్రి డ్రాఫ్టు ప్రింటు తీశాను.
అభ్యంతరాలు: పార్కింగ్, ముప్పై ఒకటి.
పక్క అంచులో, ఈ టౌన్ హాల్లో ఎవరూ చదవలేని లిపిలో
నీళ్ళకు ఇబ్బంది
అని రాశాను.

పెన్సిల్‌తోనే రాశాను.
రబ్బరు నా దగ్గరే ఉంది.